హనుమాయమ్మ రెండో సాక్ష్యం

ఆత్మకూరులో జరిగిన మొదటి విచారణలో నోట మాట రాక నిలబడిపోయిన నాటి నుంచి, రేగడిపల్లె కాలనీ జనం హనుమాయమ్మ ఎదురైతే తల పక్కకు తిప్పుకుంటున్నారు. కోపంతో కాదు, జాలితో. తిట్టినా ఆమె ఓర్చుకునేది. ఆ జాలినే ఓర్చుకోలేకపోయింది.

సోమశిల జలాశయంలో మునిగిపోయిన రేగడిపల్లె నుంచి లేచి వచ్చి, ఉదయగిరి రోడ్డు పక్కన గుడిసెలు వేసుకున్న కుటుంబాలవి. గుడిసెలు మిద్దెలయ్యాయి. పిల్లలకు పిల్లలు పుట్టారు. కానీ ‘ఈడ ఉండండి’ అని ఆనాడు ఎవరో పెద్దలు అన్న మాట తప్ప చేతిలో పట్టా లేదు. ఉన్న కాగితాలు ఊరు ఖాళీ చేసిన వానల్లోనే తడిసి ముద్దయిపోయాయి. ఇప్పుడు రోడ్డు వెడల్పయింది. ఆ నేల మీద కొండాపురం చంద్రశేఖర్ కన్ను పడింది. "ఆ పొలం మా తాతలది. వీళ్ళు ముంపు జనమే కారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆక్రమించుకున్నారు" అని అర్జీ పెట్టాడు.

కాదని నిరూపించాలంటే, మునిగిన ఊరిని కళ్ళారా చూసి, ఎవరి ఇల్లు ఎక్కడుందో చెప్పగల మనిషి కావాలి. అలాంటి పెద్దవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు. కొంతమంది మిగిలినా చెవులు వినపడవు, మాట తేలదు. అందరూ ఆశ పెట్టుకున్నది ఒకప్పటి గ్రామ మునసబుగారి కోడలు హనుమాయమ్మ మీదే.

ఆ హనుమాయమ్మే మొదటి విచారణలో మామగారి పేరు చెప్పలేక తడబడింది. చివరికి చంద్రశేఖర్ తరఫు వకీలు మోహన్‌కృష్ణ చెయ్యి పట్టుకుని, "నాయనా, మా ఇల్లు యాడుండాది?" అని అడిగింది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కొడుకు పెంచలనరసింహం తల వంచుకుని తల్లిని బయటకు నడిపించుకు వచ్చాడు.

"అమ్మకు మతి పోతా ఉండాది. ఇంక ఆమెను ఎవరూ ఏమీ అడగొద్దండి" అని ఆ సాయంత్రమే కాలనీ వాళ్ళతో చెప్పేశాడు.

ఆ మాట నమ్మనిది ఇంట్లో ఒక్క సుకన్య. పెంచలనరసింహం కూతురు. ఉదయగిరిలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతుంది. అవ్వ పక్కనే పడుకునే పిల్ల కాబట్టి ఇంట్లో మిగతావాళ్ళకు తెలియనిది ఆమెకు తెలుసు. అవ్వ రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. నడుము నుంచి ఎడమకాలి మడమ దాకా లాగే నొప్పికి పళ్ళు బిగించి, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. అది ఏళ్ళ నుంచీ ఉన్నదే. ఎవరైనా అడిగితే "వయసు గదా" అనేది. ఎవరో చెప్పిన బిళ్ళలు మింగి పగలంతా మబ్బుగా కూర్చునేది.

సుకన్య ఆమెను ఉదయగిరిలో డాక్టర్ అనుపమ దగ్గరకు తీసుకుపోయింది. డాక్టరమ్మ తొందరపడలేదు. నడుమూ కాళ్ళూ పరీక్ష చేసింది. రక్తపరీక్షలు రాసింది. మతిమరుపు పరీక్ష కూడా చేసింది. తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"అమ్మా, ఒక చెవి దగ్గర ఎవరో ఆపకుండా అరుస్తున్నారనుకోండి. రెండో చెవితో పాఠం వినగలరా?"

"యాడ వింటాను? చెవులు గింగురెత్తిపోవూ?"

"మీ నొప్పి ఆ అరుపు. పగలూ రాత్రీ అరుస్తోంది. దానికి తోడు నిద్ర లేదు. పైగా ఈ బిళ్ళల మత్తు. మీ మతి పోయిందో లేదో ఇప్పుడే నేను చెప్పలేను. ముందు ఆ అరుపు తగ్గిద్దాం. అప్పుడు చూద్దాం లోపల ఏముందో."

"పూర్తిగా పోతాదామ్మా?"

"పోతుందని అబద్ధం చెప్పను. గొంతు తగ్గిస్తాను."

నిజం చెప్పిన డాక్టరును హనుమాయమ్మ ఆ క్షణమే నమ్మింది.

పాత బిళ్ళలు ఆపించి వేరే మందు ఇచ్చారు. చాప మీద పడుకుని కాలు లేపే వ్యాయామం నేర్పారు. మొదట్లో ఆమె "ఈ వయసులో ఈ కుప్పిగంతులేంది?" అని విసుక్కుంది. అయినా మానలేదు. పొద్దున్నే సుకన్య భుజం పట్టుకుని కాలనీ చివరిదాకా నడిచేది. ముందుగా నిద్ర తిరిగి వచ్చింది. దాని వెనకే మిగతావీ ఒక్కొక్కటే వచ్చాయి. పక్కింటి కృపారాణి ఇల్లంతా తాళం వెతుక్కుంటుంటే, "నీ కొడుకు నిన్న మా కిటికీలో పెట్టిపోయినాడు గదమ్మే, జామెట్రీ డబ్బా కింద" అని వాకిట్లో నుంచే కేకేసింది హనుమాయమ్మ. సుకన్య తలుపు వెనక నిలబడి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఎండలు ముదిరే వేళకు రెండో విచారణకు పిలుపు వచ్చింది.

"వద్దమ్మా" అన్నాడు పెంచలనరసింహం. "మళ్ళీ అందరి ముందర నవ్వులపాలు కావాల్నా?"

"నవ్వితే నవ్వనీరా" అంది తల్లి. "నేను పోకపోతే వీళ్ళంతా ఏడుస్తారు. దానికంటే ఇదే మేలు."

* * *

ఆత్మకూరులో విచారణ హాలు ఆ రోజు కిటకిటలాడింది. కాలనీ మొత్తం వచ్చింది. చంటిపిల్లల తల్లులు గోడవారన కూర్చున్నారు. ముందు వరసలో తెల్లచొక్కా చంద్రశేఖర్, ఆయన పక్కన వకీలు మోహన్‌కృష్ణ. బల్ల వెనక విచారణాధికారి శ్రీవిద్య, పక్కన ప్రతి మాటా టైపు చేసుకునే గుమాస్తా.

హనుమాయమ్మ నెమ్మదిగా నడిచి వచ్చింది. సుకన్య చెయ్యి ఇవ్వబోతే వద్దంది.

"మేడమ్, మొదలుపెట్టే ముందర ఒక మనవి" అంది. "నేను కూర్చోని చెప్తా. నడుం పట్టేస్తే లేస్తా. కొంచెం అటూ ఇటూ నడుస్తా. మర్యాద తప్పిందని అనుకోవద్దు. పోయినసారి ఈ మాట చెప్పడానికి సిగ్గుపడి నోరు మూసుకున్నా. ఆ సిగ్గు వల్లే చెడింది."

శ్రీవిద్య తల ఊపింది. "మీకెలా వీలైతే అలా చెప్పండమ్మా. కుర్చీ వెయ్యండి."

మోహన్‌కృష్ణ లేచాడు. మాట మెత్తన, చూపు పదును. "అమ్మా, పోయినసారి మీ మామగారి పేరే మీకు గుర్తు రాలేదు. నన్ను పట్టుకుని మీ ఇల్లెక్కడని అడిగారు. ఇంత తక్కువ కాలంలో పోయిన జ్ఞాపకాలన్నీ తిరిగొచ్చాయంటే మేమెలా నమ్మాలి?"

"పోలేదయ్యా, యాడికీ పోలేదు" అంది హనుమాయమ్మ. "ఆ పొద్దు నన్ను ఈడ చానాసేపు నిలబెట్టినారు. కాల్లో నిప్పులు పోసినట్టు ఉండింది. మీ నోరు కదలడం కనబడతా ఉండింది గానీ, మాట నా దాకా రాలా. మీకు పంటినొప్పి ఎప్పుడన్నా వచ్చిందా?"

"వచ్చింది."

"ఆ పొద్దు కోర్టులో బాగా వాదించినారా?"

హాలంతా నవ్వింది. ఈసారి నవ్వు ఆమె వైపు ఉంది. మోహన్‌కృష్ణ కూడా నవ్వక తప్పలేదు.

"మా మామ పేరు పెంచలరెడ్డి. నా కొడుక్కు ఆయన పేరే కలిపినాం. ఇంక ఊరి సంగతి అడగండి."

"మీరే చెప్పండి. ఊళ్ళోకి ఎలా వస్తామో అక్కడి నుంచి" అన్నాడు వకీలు.

హనుమాయమ్మ కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా ఉన్న గోడను దాటి చూస్తున్నట్టు కూర్చుంది.

"పెన్న వైపు నుంచి వస్తే ముందర సిద్ధయ్య కొలిమి. తెల్లారక ముందే సుత్తి చప్పుడు. మా ఇంట్లో ఆ చప్పుడుకే లేచేవాళ్ళం. కొలిమికి ఎదురుగా కామయ్య ఇల్లు. రెండు నిట్టాళ్ళ మీద నిలబెట్టిన పంచ. ఎండాకాలం వస్తే పంచలో మజ్జిగ కుండ పెట్టేవాళ్ళు, దారినపోయేవాళ్ళ కోసరం. కామయ్య పెండ్లాం చెవిటిది. కానీ కుండ మీద మూత తీస్తే మాత్రం యాడున్నా వినబడేది ఆమెకు." ఆగి, వెనక్కు తిరిగి జనంలోకి చూసింది. "కామయ్య మనవళ్ళు ఎవర్రా? లేయండి."

వెనక బెంచీ మీద నుంచి ఇద్దరు మగవాళ్ళు లేచి నిలబడ్డారు. ఏం చెయ్యాలో తెలియక చేతులు కట్టుకున్నారు.

"కామయ్య ఇంటి గోడ ఆనుకోనే దేవకమ్మ ఇల్లు. వాకిట్లో జామచెట్టు. ఒక కొమ్మ వీధిలోకి వంగి ఉండేది. కొత్తకోడలిగా ఆ వీధిన పోతా, తల వంచుకోవాలని చెప్పినారు గదా అని వంచుకోని పోయి, ఎత్తగానే ఆ కొమ్మకు గుద్దుకున్నా. దేవకమ్మ బయటికొచ్చి, ‘మునసబుగారి కోడలైతే మాత్రం మా చెట్టుకు తెలుస్తాదా’ అనింది. అప్పటినుంచి మేమిద్దరం స్నేహితులం. దేవకమ్మ కూతురు ఈడే ఉండాది. లేమ్మా."

నెరిసిన జుట్టు మనిషి ఒకావిడ లేచింది. లేచీ లేవగానే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అవును, చెట్టు అట్లాగే ఉండేది. మా యమ్మ చెప్పేది" అంది ఎవరికీ కాకుండా.

హనుమాయమ్మ చెప్పుకుంటూ పోయింది. ఏ ఇంటికి నాపరాళ్ళ అరుగు, ఏ ఇంటికి బోదగడ్డి కప్పు, ఎవరి దొడ్లో నుంచి ఎవరి దొడ్లోకి అడ్డదారి. పేరు చెప్పిన ప్రతి ఇంటి తాలూకు మనుషులూ ఒకరి తర్వాత ఒకరు లేచారు. హాల్లో కూర్చున్నవాళ్ళు తగ్గిపోయి, నిలబడ్డవాళ్ళు పెరిగారు. వాళ్ళకు తెలియకుండానే పాత వీధిలో ఎవరి పక్కన ఎవరుండేవారో ఆ వరసలోకే జరిగి నిలబడసాగారు.

మోహన్‌కృష్ణ మధ్యలో అందుకున్నాడు. "ఇందాక కామయ్య ఇంటి ఎదురుగా సిద్ధయ్య ఇల్లు అన్నారు కదా?"

"అనలా. కొలిమి అన్నా. ఇల్లు వేరే, కొలిమి వేరే. ఇల్లు పడమటి వీధిలో ఉండేది. ఇంకా అక్కడి దాకా రాలేదు మనం."

శ్రీవిద్య గుమాస్తా వైపు చూసింది. గుమాస్తా కంప్యూటర్‌లో పాత వరసల దాకా పైకి జరిపి చదివాడు: "ముందర సిద్ధయ్య కొలిమి."

"సరే. ఊరికి తూర్పున రామాలయం పక్కన చేదబావి ఉండేది. అది చెప్పలేదు మీరు" అన్నాడు మోహన్‌కృష్ణ.

"మా ఊళ్ళో రామాలయమే లేదయ్యా. రాములవారి పటం పెట్టుకోని భజన చేసేవాళ్ళు, మా చావిట్లోనే. బావి ఉండేది తూర్పున కాదు, పడమట. తూర్పున తవ్వితే ఉప్పునీళ్ళు పడ్డాయని పూడ్చేసినారు. మీకెవరో తప్పు చెప్పినారు. లేకపోతే నన్ను చూద్దామని మీరే తప్పు చెప్పినారు."

మోహన్‌కృష్ణ పక్కకు వంగాడు. చంద్రశేఖర్ చెవిలో ఏదో అన్నాడు. చంద్రశేఖర్ మొహం కందగడ్డలా అయింది.

సరిగ్గా అప్పుడే నొప్పి వచ్చింది.

మాట సగంలో ఆగిపోయింది. హనుమాయమ్మ చేతివేళ్ళు కుర్చీ అంచును పట్టుకుని తెల్లబడ్డాయి. పెదవులు బిగుసుకున్నాయి. పోయినసారి కూడా ఇలాగే ఆగింది. నిలబడ్డవాళ్ళలో ఎవరూ కదల్లేదు. పెంచలనరసింహం గబగబా ముందుకొచ్చాడు.

"మేడమ్, చాలండి. మా అమ్మ వల్ల కాదు. దండం పెడతా, ఇంతటితో ఆపండి."

"నరసింహా, నువ్వు కూర్చో" అంది హనుమాయమ్మ, కళ్ళు తెరవకుండానే.

మెల్లగా లేచింది. నడుము మీద చెయ్యి వేసుకుని, డాక్టరమ్మ నేర్పినట్టు ఊపిరి నిండా పీల్చి నిదానంగా వదులుతూ, బల్లకూ కిటికీకీ మధ్య నడిచింది. ఒకసారి పోయి వచ్చింది. మళ్ళీ పోయింది. సుకన్య పెదవి కొరుక్కుంటూ చూస్తోంది. మోహన్‌కృష్ణ చేతి గడియారం వైపు చూసి, "మేడమ్, సాక్షి పరిస్థితి దృష్ట్యా..." అని మొదలుపెట్టాడు.

"బావి కాడ ఆగినాం గదా" అంది హనుమాయమ్మ కిటికీ దగ్గర నుంచి. మొహాన చెమట పట్టింది గానీ గొంతులో వణుకు లేదు. "నొప్పి ఉండాదయ్యా. లేదని నేను అనలా. ఇదివరకు అదే మాట్లాడేది, నేను వినేదాన్ని. ఇప్పుడు నేను మాట్లాడతా ఉండా, అది వింటా ఉండాది. రాసుకో నాయనా" అని గుమాస్తాతో అంది. "బావి దాటినాక పడమటి వీధి. మొదటిది సిద్ధయ్య ఇల్లు."

వెనక నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. శ్రీవిద్య చెయ్యెత్తి ఆపించింది. కానీ ఆమె కళ్ళల్లో కూడా ఏదో మెరిసింది.

పడమటి వీధి పూర్తయ్యేసరికి హాల్లో కాలనీ జనం దాదాపు అంతా లేచి నిలబడి ఉన్నారు. బల్ల వెనకవాళ్ళు కాక కూర్చుని ఉన్నది చంద్రశేఖర్, ఆయన మనుషులు, తల్లి కూర్చోమన్న పెంచలనరసింహం మాత్రమే.

"చివరగా మా ఇల్లు" అంది హనుమాయమ్మ. "ఊరికి ఎత్తులో ఉండేది. రాతి గోడ. నీళ్ళొచ్చినప్పుడు అన్నిటికంటే ఆఖరున మునిగింది అదే. గట్టు మీద నిలబడి అందరం చూసినాం. మా మామ ఆ పొద్దు అన్నం తినలేదు." కొడుకు వైపు చూసింది. "నరసింహా, నువ్వూ లేయి నాయనా. మనం కూడా ఆ ఊరివాళ్ళమే గదా."

పెంచలనరసింహం లేచాడు. తల్లి దగ్గరకు వచ్చి, చిన్నపిల్లాడిలా ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాడు.

చంద్రశేఖర్ కుర్చీ వెనక్కు తోసి లేచాడు. "అంతా నేర్పించిన పాఠం! పేర్లు ఎవరైనా బట్టీ పెడతారు. ఈ ముసలామె చెప్పిన ఇళ్ళు ఉండినాయని సాక్ష్యమేంది?"

మోహన్‌కృష్ణ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపబోయాడు. ఆలస్యమైపోయింది.

"మంచి ప్రశ్న అడిగారు" అంది శ్రీవిద్య. "ఈ ఏడు సోమశిలలో నీళ్ళు బాగా దిగిపోయాయి. పాత గోడలు, పునాదులు బయటపడ్డాయని విన్నాను. రేపు ఉదయం మనమందరం అక్కడికే వెళ్దాం. ఆమె చెప్పిన వరసలో పునాదులు ఉన్నాయో లేదో కళ్ళతోనే చూద్దాం. అమ్మా, అక్కడ మెత్తటి ఒండ్రులో నడవాలి. నడవగలరా?"

హనుమాయమ్మ మొహం అప్పటిదాకా ఎవరూ చూడని తీరుగా వెలిగింది.

"మా వాకిటికి నన్ను తీసుకపోతారా మేడమ్? పాకుతా అయినా వస్తాను."

* * *

బయట ఎండ మాడ్చేస్తోంది. ఎవరికీ పట్టలేదు. కృపారాణి సోడాలు తెచ్చి అందరి చేతుల్లో పెట్టింది. దేవకమ్మ కూతురు హనుమాయమ్మను వాటేసుకుని వదల్లేదు. కామయ్య మనవళ్ళు ఆటోలో మెత్తగా ఉండేలా దుప్పటి మడత వేస్తున్నారు. పోయినసారి తల పక్కకు తిప్పుకున్నవాళ్ళంతా ఇప్పుడు ఆమె ఒక్క మాట అంటుందేమోనని చుట్టూ మూగారు.

"అమ్మా, నీకు మతి పోయిందని ఊరంతా చెప్పింది నేనే" అన్నాడు పెంచలనరసింహం మెల్లగా.

"తెలుసులే. నొప్పని నేను చెప్పలా. నీకెట్లా తెలుస్తాది?" అంది తల్లి. "ఇంటికి పోయినాక ఆ డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి. ఆమెకు ముందు చెప్పాల."

సుకన్య చేతిలో ఫోను మోగింది. సిద్ధయ్య మనవడు సాయికిరణ్. కొలిమి పని పోయాక ఆ కుటుంబం సోమశిలలో చేపలు పట్టుకుని బతుకుతోంది. అతను ఆ రోజు విచారణకు రాలేదు, వలల దగ్గరే ఉండిపోయాడు.

"సాయీ, మనం గెలిచినట్టే! అవ్వ ఎట్లా చెప్పిందో నువ్వు చూడాల్సింది..." అంటూ సుకన్య మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె మొహంలో రంగు మారడం చూసి చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు ఒక్కటొక్కటే ఆగాయి.

"ఏందే?" అంది హనుమాయమ్మ. "అందరికీ వినబడేట్టు పెట్టు."

సుకన్య స్పీకరు నొక్కింది. గాలి హోరు, దాని వెనక ఇనుము రాతిని గీరుతున్న చప్పుడు.

"అవ్వా, పొద్దున్నే పాతూళ్ళోకి పెద్ద మిషనొకటి దిగినాది. గట్టెక్కితే గానీ ఫోను కలవలా. వెనక ట్రాక్టర్లు ఉండాయి. పునాదులు పెళ్ళగించి రాళ్ళు ఎత్తకపోతా ఉండారు. కొలిమి కాడ ఇప్పుడు ఏమీ లేదవ్వా. అడిగితే మమ్మల్ని కొట్టడానికి వచ్చినారు. మేము నలుగురమే ఉండాం..."

పెంచలనరసింహం చుట్టూ చూశాడు. చంద్రశేఖర్ తెల్లకారు నిలిపి ఉంచిన చోట ఇప్పుడు ఖాళీ నేల ఉంది.

"ఎవరి ఇంటి కాడికి వచ్చినారు ఇప్పుడు?" అని అడిగింది హనుమాయమ్మ ఫోను దగ్గరకు వంగి.

"పడమటి వీధి అయిపోయినాది. ఎత్తు మీద రాతి గోడకేసి తిరిగినాది మిషను. అవ్వా, అది మీ..."

ఫోను తెగిపోయింది.

కృపారాణి చేతిలోని సోడా సీసా నేల మీద పడి పగిలింది. అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. హనుమాయమ్మ ఎవరి మాటా వినలేదు. నడుము మీద నుంచి చెయ్యి తీసేసి, ఇప్పుడే దిగి వచ్చిన మెట్ల వైపు తిరిగింది.

"రేపటిదాకా ఆ ఊరు ఉండదు" అంది. "సుకన్యా, పరిగెత్తి ఆ మేడమ్‌ను బయటికి పిలువు. నరసింహా, బండి తియ్యి. నేను పోయి ఆ మిషను ముందర కూర్చుంటా."